బడి ఎదుట లారీల వరస

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, సార్వా వరి కోతలు మొదలైన వారంలోనే, నన్ను మండపేట వైపు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం నోట ఈ పోస్టు పేరు బ్రేకు ఇన్‌స్పెక్టరు. బండి ఫిట్‌నెస్ చూడడం, లోడు ఎక్కువైతే చెక్ రిపోర్టు రాయడం మా పని. లారీవాళ్లకు మేమంటే ఎంత ప్రేమో వేరే చెప్పక్కర్లేదు.

చేరిన కొద్ది రోజులకే ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్ సలోమి గారు ఆఫీసుకొచ్చారు. బడి పక్కనే రైస్‌మిల్లు. బడి వదిలాక రోడ్డు దాటబోయిన రెండో తరగతి పాపను మోటారుసైకిలు గుద్ది కాలు విరిగింది.

“లారీల సంగతి చూడండి. ఇంకోటి జరిగితే పిల్లల్ని బడికి పంపేది లేదంటున్నారండి తల్లిదండ్రులు,” అన్నారామె.

గుద్దింది మోటారుసైకిలైతే లారీల మీద ఫిర్యాదేమిటో నాకు అర్థం కాలేదు. అయినా నాకు తెలిసిన వైద్యం చేశాను. మూడు రోజులు ఆ రోడ్డు మీద కాపు వేసి, లోడు, లైట్లు, లైసెన్సు చూసి కట్టలకొద్దీ రిపోర్టులు రాశాను. నాలుగో రోజు అదే చోట ఆటో తగిలి ఇంకో పిల్లాడి చెయ్యి విరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇదేమిటో తేల్చుకోకపోతే నిద్ర పట్టదనిపించింది.

మర్నాడు యూనిఫాం లేకుండా వెళ్లి, బడి ఎదుటి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. మిల్లు కాటా మీద తూకానికి వచ్చిన ధాన్యం లారీలు బడి గేటు దాటి బారుగా నిలబడి ఉన్నాయి. లారీకీ లారీకీ మధ్య, మనిషి పక్కకు తిరిగితేనే పట్టేంత సందు. గంట కొట్టగానే పిల్లలు ఆ సందుల్లోంచి రోడ్డు మీదికి వస్తున్నారు. నేనూ ఒక సందులోకి దూరి, వాళ్ల ఎత్తుకు కుంగి చూశాను. రెండు పక్కలా బంపర్లు తప్ప ఏమీ కనబడలేదు. వచ్చే బండివాళ్లకు నేనూ కనబడను. టీకొట్టాయన మాత్రం నన్ను అనుమానంగా చూశాడు.

పక్కనున్న లారీ డ్రైవరును, ఇంత దగ్గరగా ఎందుకు నిలబెట్టావని అడిగాను.

“జాగా వదిలితే ఇంకో బండి దూరిపోద్దండి. మన వంతు రేపటికి పోద్ది,” అన్నాడు.

మరేం చేయాలన్నాను.

“వచ్చిన వరసలో అద్దం మీద నంబరు రాసేస్తే చాలండి. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాం.”

మిల్లు గుమాస్తా ఒప్పుకున్నాడు. నంబర్లు రాయడానికి సలోమి గారు సుద్దముక్కల పెట్టె ఇచ్చారు. బడి గేటు ఎదుట మూడు లారీల జాగా ఖాళీగా ఉంచారు. ఆ సీజనంతా అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సర్వీసంతా డ్రైవర్లను నేను కాగితాలే అడిగాను. రోడ్డు మీద ఒక పని ఎందుకలా జరుగుతోందో ఆ పని చేసేవాణ్ణే ముందు అడగాలని అప్పుడు తెలిసింది. మొదటి రోజే అడిగి ఉంటే ఆ పిల్లాడి చెయ్యి విరిగేది కాదు.