ఆవిరి నిలవని రాళ్లు

ఆరేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. నా భర్తకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకేనేమో మీ ముందు నోరు పెగులుతోంది.

మాది సూరత్‌లో భేస్తాన్. ఆయన మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. పెళ్లికి ముందు రెండేళ్లు నేను వజ్రాలు సానబట్టే చోట రాళ్లు ఏరేదాన్ని. సాయంత్రం ఖాళీ చేతులు దులిపి చూపించి బయటికి వచ్చినా, ఆ మెరుపు కళ్లలో ఇంటిదాకా వచ్చేది. ఒక్క జత వజ్రాల కమ్మలు నావై ఉండాలన్న కోరిక అప్పుడే పుట్టింది.

కొత్తవి కొనే స్తోమత లేదు. మధ్యాహ్నం ఇంట్లో కూలికి చీరల దారాలు కత్తిరించడం అయ్యాక, ఫోన్‌లో అమ్మకానికి పెట్టిన పాత కమ్మలు వెతికేదాన్ని. గోడ అవతల మగ్గాల చప్పుడు. ఇవతల నా వేలి కింద జారిపోయే ఎవరెవరివో కమ్మలు. ఎవరు పెట్టుకున్నారో, ఎందుకు తీసేశారో అనుకుంటూ సగం నిద్రలో ఉన్నట్టు గడిపేదాన్ని. ఒకరోజు ఏడు రాళ్ల కమ్మలు కనిపించాయి, నువ్వుగింజలంత రాళ్లు. ఫోన్ చేస్తే అవతల తెలుగు వినిపించింది.

ఆమె పేరు రాజవ్వ, ఉండేది సూరత్‌లోనే, పాండేసరలో. భర్త పోయి ఏడాది. కుట్టుమిషన్ కొనుక్కోవడానికి అమ్ముతోంది. ఆమె గదికి వెళ్లి, కమ్మలను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ఎండ తగలగానే గోడ మీద చిన్నచిన్న రంగులు ఈదాయి. నోటి ఆవిరి ఊదాను. గాజురాయి మీదైతే కాసేపు నిలుస్తుంది. ఇక్కడ ఊదీ ఊదకముందే మాయమైంది. అసలైనవి. ఆ క్షణం నా కాళ్లు నేల మీద లేవు.

ఆమె చెప్పిన ధర తక్కువే. నా దగ్గర అందులో సగమే ఉంది. కమ్మలు అక్కడ పెట్టి వచ్చేయొచ్చు కదా? ఎందుకు రాలేదు?

"ఇవి అసలువి కావక్కా. అమెరికన్ డైమండ్," అన్నాను. "నేను గా పనే చేసిన, నాకు ఎర్కే."

రాజవ్వ కమ్మలను తన అరచేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత మెల్లగా అంది.

"మా ఆయన రెండేండ్లు డబల్ డ్యూటీ చేసి తెచ్చిన అన్నడు చెల్లె. గంత అబద్ధం ఎందుకు చెప్పిండు? ఇప్పుడు ఎవర్నని అడగాలె?"

"ఏమో అక్కా."

"మన మనిషివి గనక నిజం చెప్పినవ్. నీకు తోచింది ఇచ్చి తీస్కపో."

ఇచ్చాను. తీసుకున్నాను. ఇంట్లోనూ నకిలీవనే చెప్పాను.

బేరంలో అందరూ ఒకటో రెండో అబద్ధాలు ఆడతారని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ నేను తగ్గించింది ధర ఒక్కటేనా? రెండేళ్లు నిద్ర మానుకుని పనిచేసిన ఒక మనిషిని, నోరు విప్పి కాదని చెప్పుకోలేని ఆ మనిషిని, అతని భార్య దగ్గరే అబద్ధాలకోరును చేశాను.

రెండేళ్ల తర్వాత ఒకసారి ఆ గదికి వెళ్లాను. వేరేవాళ్లు ఉన్నారు. రాజవ్వ పల్సానా వెళ్లిపోయిందన్నారు. పల్సానాకు ఒక్క బస్సు ఎక్కితే చాలు. ఆమె నంబరు కూడా నా ఫోన్‌లో ఉంది. బస్సు ఎక్కలేదు, ఫోన్ చేయలేదు. తిడుతుందన్న భయమా? కమ్మలు తిరిగి ఇవ్వాల్సి వస్తుందనా? రెండోదే నిజమనుకుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. రాజవ్వ భర్త పేరు కూడా నాకు తెలియదు. ఆయన తెచ్చినవి అసలు వజ్రాలే. అబద్ధమాడింది నేను.

రాసేశాను. గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలికకైనా నాకు హక్కుందో లేదో.