టిక్కెట్టు కిటికీలో ఒక్క ప్రశ్న

గూడూరు ఆసుపత్రిలో మా తమ్ముడి భార్యకు కాన్పు కష్టమైందని మధ్యాహ్నం కబురొచ్చింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, మా దీవి నుంచి పడవలో సరస్సు దాటి స్టేషనుకు పరుగెత్తాను. బొగ్గుతో నడిచే రైలుబండి అప్పటికే వచ్చి నిలబడింది.

టిక్కెట్ల గుమాస్తా "ఎక్కడికి?" అన్నాడు. అంతే, తమ్ముడు మూట దించి కూలబడ్డాడు. చేపల వేటకు బయల్దేరినప్పుడు ఎవరైనా అలా అడిగితే అపశకునమని, మావాళ్ళు కాసేపు కూర్చుంటే గాని కదలరు.

సంగతి చెప్పాను. "అడక్కుండా టిక్కెట్టు ఎట్టిచ్చేదమ్మా?" అన్నాడు గుమాస్తా.

"నన్నడుగు నాయనా, నేను పొయ్యేదాన్ని కాదు."

నవ్వుతూ నన్నడిగాడు. టిక్కెట్టు తీసుకుని, కదిలే బండిలోకి తమ్ముణ్ణి నెట్టాను.

ఇంతవరకు ఏ కబురూ లేదు. దేవుడి ముందు దీపం ఆరనివ్వకుండా కూర్చున్నాను. మీరైతే వాణ్ణి ఆ కాసేపు కూర్చోనిచ్చేవారా?