ఏడేళ్లు దాచిన ట్రాక్ టైర్లతో కర్నూలు నుంచి కడపకు

మా అమ్మాయి ఎస్తేరు రేసింగ్ ట్రాక్ మీద కారు నడిపింది! అరవై తొమ్మిదేళ్ల వయసులో ఈ మాట నలుగురికీ చెప్పాలనే రాస్తున్నాను. ఏడో తరగతితో చదువు ఆపేసినవాణ్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి. కర్నూల్లో ఒక నూనె మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఎస్తేరు కార్ల వర్క్‌షాపులో మెకానిక్కు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే ఏడేళ్ల కిందట, తన కారుకని నాలుగు ట్రాక్ టైర్లు కొనుక్కుంది. మామూలు టైర్ల కంటే వాటి రబ్బరు మెత్తన, మలుపులో నేలను గట్టిగా పట్టుకుంటాయట. ట్రాక్‌కు ఈ నెల పోదాం, వచ్చే నెల పోదాం అనుకుంటుండగానే కరోనా వచ్చింది. తర్వాత పెళ్లి, ఆ తర్వాత ఇద్దరు పిల్లలు. టైర్లు బిగించకుండానే మా అటక మీద ఉండిపోయాయి.

కడప అవతల ఒక ప్రైవేటు ట్రాక్‌లో మామూలు కార్లవాళ్లను కూడా ఒక పూట నడపనిస్తారని ఈమధ్య తెలిసింది. రుసుము మూడు వేల ఐదు వందలు, హెల్మెట్ అద్దె వేరు. ఎస్తేరు కొత్త టైర్లు కొంటానంటే నేనే ఒప్పుకోలేదు. అంగుళం కూడా తిరగని టైర్లు ఇంట్లో పెట్టుకుని మళ్లీ కొనడమేమిటి? చివరికి, "సరే నాయనా, మైదుకూరులో ఖాదరన్న చూసి బిగిస్తాడులే" అంది. ఖాదర్ తనకు పని నేర్పినవాడు, ఇప్పుడు మైదుకూరులో టైర్ల షాపు నడుపుతున్నాడు.

శనివారం పొద్దున ఐదింటికి పిల్లల్ని అల్లుడికి అప్పగించి ఇద్దరం బయలుదేరాం. రెండు టైర్లు డిక్కీలో, రెండు వెనక సీట్లో, అవి దొర్లకుండా పట్టుకోవడానికి పక్కన నేను. పాణ్యం మీదుగా నంద్యాల చేరేసరికి ఆరుంబావు. అక్కడ టీ కొట్టు ఆవిడ కారులోకి తొంగి చూసి, "ఏం పెద్దాయనా, వాటికి గూడా టీ పొయ్యాల్నా?" అని అడిగింది. "పొయ్యమ్మా, పెండ్లికి పోతాండాయి" అన్నాను. అంత హుషారులో ఉన్నాను మరి! ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి మైదుకూరుకు ఎనిమిదింబావుకు చేరాం. రోడ్డు బాగుంది. పోనురాను నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది, పెట్రోలుకు మూడు వేలు పట్టింది. ఖాదర్ షాపు పక్కనే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి ప్లేటు నలభై రూపాయలు. ఆ రుచికి రెండో ప్లేటు చెప్పకుండా ఉండలేరు.

మేము తింటుండగా ఖాదర్ టైర్లకు చుట్టిన గోనెపట్టా విప్పి ఒక టైరును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం వాసనప్పా ఇది? టైరా, బాలింతా?"

"ఆముదం" అన్నాను గర్వంగా. "మా మిల్లులో తోలు బెల్టులకు ఆముదం పట్టిచ్చేవాళ్లం. పదేండ్లయినా మెత్తగా ఉండేవి, పగిలేవి కావు. అందుకే ఏటా క్రిస్మస్‌కు ముందు అటకెక్కి వీటికి గూడా పట్టిస్తాండా."

ఎస్తేరు బజ్జి నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. ఖాదర్ నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడ్డాడు.

"తోలు నూనె తాగితే బతుకుతాది పెద్దాయనా. రబ్బరు తాగితే చెడతాది!"

నవ్వు ఆగాక టైరు పక్క భాగం మీది నాలుగు అంకెలు చూపించాడు. 2318. నేను ఇన్నాళ్లూ అది టైరు సైజు అనుకున్నాను. 2018లో ఇరవై మూడో వారం తయారైందని దాని అర్థమట. తర్వాత రెండు చేతులతో టైరును వంచాడు. టైరు మీది గాడుల మధ్య వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి.

"ఆముదం పుయ్యకపోయినా ఇవి ట్రాక్‌కు పనికిరావు. మన ఎండల్లో అటక మీద పెట్టేదీ పొయ్యి మీద పెట్టేదీ ఒకటే."

"ఒక్క కిలోమీటరన్నా తిరగలేదు కదప్పా!"

"తిరక్కపోతే వయసు నిలబడతాదా? నువ్వు మిల్లు మానేసి ఇంట్లో కూసున్నావు, నీకేమన్నా ఏండ్లు ఆగినాయా? రబ్బరు గట్టిపడిపోయింది పెద్దాయనా. ట్రాక్ మీద వేడెక్కితే పట్టు ఇడుస్తాది. ఇడిసిందని తెలిసేలోపల బండి గోడకాడ ఉంటాది."

గోడ అన్న మాట వినగానే ప్లేటు కింద పెట్టేశాను. నా బిడ్డకు నా చేతులతోనే ఎంత ముప్పు తెచ్చాను! ఎస్తేరు వచ్చి నా భుజం పట్టుకుంది.

"నాకు అనుమానం ఉన్నింది నాయనా. నా మాట ఇనవు, ఖాదరన్న మాటైతే ఇంటావని ఈడికి తెచ్చినా. ఆముదం సంగతి మాత్రం తెల్దు" అంటూ ఆమె కూడా నవ్వేసింది.

"మరి ఇంటికి పోదామా పాపా?"

"ఎందుకు పోతాం? కారుకుండే టైర్లతోనే నడుపుతా. పోయినేడు కొన్నవే కదా."

ఖాదర్ కారుకున్న టైర్లను ఒక్కొక్కటే తడిమి చూసి, గాలి సరిచేశాడు. "ఎవురితోనూ పందెం పెట్టుకోవాకు. నాలుగు చుట్లకోసారి పక్కకొచ్చి చల్లార్చుకో" అని ఎస్తేరుకు చెప్పాడు. నా టైర్లు అక్కడే వదిలేశాం.

కడప దాటి ట్రాక్ చేరేసరికి పది. అక్కడి మనిషి లోపలికి వదిలే ముందు ప్రతి కారు టైరు మీది అంకెలూ టార్చి వేసి చూశాడు. పదకొండింటికి ఎస్తేరు హెల్మెట్ పెట్టుకుని బయలుదేరింది. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. మలుపులో టైర్లు కీచుమన్నప్పుడల్లా ప్రభువా ప్రభువా అనుకున్నాను. కారు మలుపు తిరిగి మళ్లీ కనిపించగానే, పక్కనున్నవాళ్లు ఏమనుకుంటారో అని కూడా చూడకుండా చప్పట్లు కొట్టాను. ఖాదర్ చెప్పినట్టే నాలుగు చుట్లకోసారి ఆగుతూ పన్నెండు చుట్లు తిరిగింది. దిగేసరికి ముఖమంతా చెమట, కళ్లలో వెలుగు.

"ఎంతమంది నిన్ను దాటుకోని పోయినారు పాపా?"

"అందరూ నాయనా! ఒక్కరు గూడా మిగల్లే!" అని పగలబడి నవ్వింది. నాకు మాత్రం కళ్లనిండా నీళ్లు.

తిరుగు దారిలో చాలాసేపు ఆలోచించాను. ఏటా అటకెక్కి ఆ టైర్లను చూసుకున్నాను. కానీ ఈ ఏడేళ్లలో ఒక్క ఆదివారమైనా, "పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వు పొయ్యి నడుపుకో అమ్మా" అనలేదు. అది నాకు తట్టనే లేదు. టైర్లు భద్రంగా ఉంటే ఆమె కోరిక కూడా భద్రంగా ఉన్నట్టే అనుకున్నాను. పిల్లల్ని చూసుకుంటానన్న ఆ మాట నిన్న అన్నాను. ఎస్తేరు నమ్మలేనట్టు నా వైపు చూసి, వెంటనే ఫోను తీసి ట్రాక్‌కు వచ్చే నెల తేదీలు వెతకడం మొదలుపెట్టింది.

ట్రాక్‌కు పోయేవాళ్లకు ఒక్క మాట. బయలుదేరే ముందే టైరు పక్క భాగం మీద DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఐదారేళ్లు దాటితే, వాడకపోయినా, ఎంత మెరుస్తున్నా, ట్రాక్ మీద వాటిని నమ్మొద్దు. అంకెలు అర్థం కాకపోతే టైర్ల షాపులో అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.