యూ ఆర్ గుడ్, అక్కా

మొన్న ఆదివారం షాంటిలీలో మా అమ్మాయి ఇంట్లో, అప్పుడే పెనం మీంచి తీసిన పెసరట్టు పళ్లెంలో పెట్టుకుని ఏడేళ్ల మనవరాలి వెనకాల తిరుగుతుంటే, ఆ పిల్ల తలైనా ఎత్తకుండా "ఐయామ్ గుడ్, అమ్మమ్మా" అంది, అంటే వద్దని. అమెరికా వచ్చిన కొత్తలోనైతే నువ్వు మంచిదానివేలేమ్మా, ముందు ఇది తిను అని ఉండేదాన్ని. ఇప్పుడు తెలుసు కనుక పళ్లెంతో వెనక్కి తిరిగాను, తిరగడంలో అది స్కూలు కోసం మూడు రోజులుగా వేసి నేల మీద ఆరబెట్టుకున్న రంగుల బొమ్మ మీద కాలు వేశాను. పచ్చిగా ఉన్న నీలం రంగంతా నా అరికాలికి అంటుకుంది. అయ్యో, సారీ తల్లీ అని నేను కంగారు పడిపోతుంటే, అది పాడైన బొమ్మ వైపు ఒకసారి చూసి, ఊపిరి గట్టిగా వదిలి, "యూ ఆర్ గుడ్" అంది.

అదేం మాటమ్మా, దానికి అర్థమేమిటి అని అడిగాను. "సారీ చెప్పక్కర్లేదని, అమ్మమ్మా. అంటే నేను నీ మీద మ్యాడ్‌గా లేను, కోపం లేదు అని" అని చెప్పేసి ఇంకో కాగితం తెచ్చుకోవడానికి మేడ మీదకు పరిగెత్తింది. నేను మాత్రం కాలు కడుక్కోవడం కూడా మరిచిపోయి కుర్చీలో కూలబడ్డాను, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట సరిగ్గా అదే మాట నాతో ఇంకొకరు అన్నారు, ఆ మాటకు కోపం తెచ్చుకుని నేను ఇన్నేళ్లూ ఆ మనిషితో మనసిచ్చి మాట్లాడలేదు.

ఆ మనిషి మా తోడికోడలు. నేను ఇంగ్లీషులో ఎమ్మే చేసి నరసరావుపేటలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, మా మరిది భార్యగా ఆ అమ్మాయి ఇంటర్ ఇంగ్లీషు తప్పి మా ఇంట్లో అడుగుపెట్టింది. కాస్త చదువు చెప్పమ్మా అని మా అత్తగారు నాకు అప్పగించారు. మధ్యాహ్నం పూట వెనక వసారాలో కూర్చోబెట్టి, మన కాలంలో అందరికీ బట్టీ పట్టించినట్టే, గుడ్, బెటర్, బెస్ట్ అని చెప్పించేదాన్ని. తను గుడ్, గుడ్డర్, గుడ్డెస్ట్ అనేది, నేను పడీ పడీ నవ్వేదాన్ని, నవ్వి ఊరుకోకుండా సాయంత్రం ఇంట్లో అందరికీ చెప్పి వాళ్లనూ నవ్వించేదాన్ని. మూడోసారికి తను గట్టెక్కితే ఆ గొప్పంతా నాదేనని చెప్పుకున్నాను కూడా.

వాళ్లు మాకంటే నాలుగేళ్లు ముందు అమెరికా వచ్చారు. మా వారికి మందుల కంపెనీలో ఉద్యోగం దొరికి మేమూ వచ్చి ప్లెయిన్స్‌బరోలో వాళ్లున్న అపార్ట్‌మెంట్లలోనే దిగాం. దిగిన వారానికే నా కళ్లు కుట్టడం మొదలైంది. నేను కర్త, కర్మ, క్రియ అన్నీ సర్దుకుని నిండుగా ఒక వాక్యం చెబితే ఎదుటివాళ్లు పార్డన్ అని చెయ్యి చెవి దగ్గర పెట్టుకునేవారు. మా తోడికోడలు బట్టలుతికే మెషీన్ల గదిలోనూ, పిల్లల బస్సు ఆగే చోటా నిలబడి సగం సగం మాటలు విసిరితే చాలు, తెల్లావిడలు పకపకా నవ్వి భుజం మీద చెయ్యి వేసేవారు. తన నోట్లో ఎక్కువగా ఆడేది ఆ గుడ్ అనే మాటే. కాఫీ వద్దన్నా గుడ్డే, దెబ్బ తగల్లేదన్నా గుడ్డే, గొడవ తీరిపోయిందన్నా గుడ్డే, పాల డబ్బా మీద తారీకు చూసినా గుడ్డే. ఒకళ్లు ఊరొదిలి వెళ్లిపోతున్నారు, ఫర్ గుడ్ అంటే మంచికే కదా అని నేను సంతోషించాను, అది ఇక తిరిగి రారని చెప్పడమని తనే నాకు విడమరచింది. చూడడానికి వచ్చిన మా అత్తగారు మాత్రం ఈ దేశంలో అడుగడుక్కీ గుడ్డు గుడ్డు అంటారేమిటని, దుకాణంలో ఎవరు పలకరించినా ఎందుకైనా మంచిదని నో నో అనేవారు. ఆవిడకది తమాషా. నాకది ఒళ్లుమంట.

పని చేసుకోవడానికి కాగితాలు చేతికొచ్చిన ఏడాది, దగ్గరలో ఉన్న చిన్న లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని ఒకటి ఉందని మా తోడికోడలే వచ్చి చెప్పింది. నాలుగు రోజుల తర్వాత ఇద్దరం కలిసే ఆ పని అడగడానికి వెళ్లాం. పుస్తకాల మధ్య పని కాబట్టి అది నాకు రాసిపెట్టి ఉందనే అనుకున్నాను. అక్కడి పెద్దావిడ అన్నీ అడిగి చివర్లో ఆర్ యూ గుడ్ విత్ సాటర్‌డేస్ అంది. నేను శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఉపవాసం ఉంటాను కదా, ఈవిడకు మన ఆచారాలు కూడా తెలుసునే అని పొంగిపోయి, శనివారం నాడు నేను మరీ మంచిగా ఉంటానండీ, సాయంత్రం దాకా ఏమీ ముట్టను అని చక్కటి వ్యాకరణంతో చెప్పాను. ఆవిడ అదోలా చూసి, పాపం, మీకు ఆ రోజు ఇబ్బంది కలిగించంలెండి అంటూ ఏదో రాసుకుంది. వాళ్లకు కావలసిందే శనివారాలు కూడా వచ్చే మనిషి. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటే, ఆవిడ అడిగింది నీకు వీలవుతుందా అని, అక్కా అంటూ మా తోడికోడలు నెమ్మదిగా చెప్పింది. తను నవ్వలేదు. మా వారు నవ్వారు, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. ఒకప్పుడు వసారాలో నేను నవ్విన నవ్వది, కానీ అప్పుడు నాకు అది గుర్తు రాలేదు, కడుపు మండిందంతే.

వాళ్లప్పుడు అదే కాంప్లెక్సులో వేరే వాటాలోకి మారుతున్నారు, కొత్తింటికి ఇంకా ఫోన్ రాలేదు, అందుకని తను లైబ్రరీలో మా నంబరు ఇచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. షీ ఈజ్ గుడ్ టు స్టార్ట్ మండే, పది గంటలకు రమ్మనండి అంది ఆ పెద్దావిడ. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. సాయంత్రం తను వచ్చి అడిగితే, ఫోన్ చేసింది, నువ్వు మంచిదానివని చెప్పమంది అన్నాను. అంతేనా అక్కా అంది. అంతే అన్నాను. అబద్ధమాడలేదని, ఉన్న మాటే అనువదించానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదని చెప్పే ముందు వీళ్లిలాగే తియ్యగా మాట్లాడతారులే అని తను వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు చాలా బాగా నిద్ర పట్టింది, ఈ సంగతి చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బుధవారం తను అటు వెళ్లి కనుక్కుంటే, సోమవారం మీరు రాలేదు కదా అని ఆ పని ఇంకొకరికి ఇచ్చేశామన్నారట. నేరుగా మా ఇంటికే వచ్చింది. లైను సరిగా వినపడలేదు, సారీ అని నేను తల దించుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ అన్నాను. తను గుమ్మంలో నిలబడే "యూ ఆర్ గుడ్, అక్కా" అనేసి వెళ్లిపోయింది.

మన భాషలో ఎవరినైనా అలా నిలబెట్టి మంచిదానివే అన్నామంటే ఏ అర్థంలో అంటామో మీకు వేరే చెప్పాలా? నేనూ అలాగే విన్నాను. నేను నేర్పిన భాషలోనే నన్ను పట్టుకుని అంత దెప్పుతుందా అని ఉడికిపోయాను. తప్పు నాదే అయినా కోపం కూడా నేనే పెంచుకున్నాను. ఆ తర్వాత తను ఒక స్కూలు ఆఫీసులో కుదురుకుంది, కొన్నాళ్లకు డాలస్ వెళ్లిపోయారు. పెళ్లిళ్లలో కలిస్తే చీర బాగుందంటే బాగుందనుకునేవాళ్లం. తన చుట్టూ మూగే జనాన్ని చూసి ప్రతిసారీ నా కళ్లు కుడుతూనే ఉండేవి.

ఆదివారం కాలి రంగు కడుక్కుని తనకు ఫోన్ చేశాను. ఆ రోజు లైబ్రరీ ఆవిడ చెప్పింది నాకంతా అర్థమైంది, కావాలనే చెప్పలేదు అన్నాను. ఇరవై ఏళ్లు మోసిన మాట బయటికి రావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అటు వైపు కుక్కర్ కూత వినిపించింది, తను పొయ్యి కట్టేసి మళ్లీ ఫోన్ అందుకుంది.

"నాకు తెలుసక్కా. ఎమ్మే చదివినదానివి, నీకు అర్థం కాకపోవడమేమిటి. అందుకే కదా యూ ఆర్ గుడ్ అని అప్పుడే చెప్పేశాను" అంది.

మన చదువుల్లో ఒక మాటకు ఒక అర్థం ఉండేది, అది వస్తే ఆ భాష వచ్చినట్టే. ఇప్పుడు ఇంట్లో పిల్లలు వారానికో కొత్త అర్థం పట్టుకొస్తున్నారు, నేను వంటింట్లో క్యాలెండరు వెనక రాసుకుంటున్నాను. నిన్న అందులో యూ ఆర్ గుడ్ అని కూడా రాసి, పక్కన అర్థం రాయబోతే చెయ్యి ఆగిపోయింది. నేను చేసింది తెలిసి కూడా, గుమ్మంలో నిలబడి, అంత తేలిగ్గా ఆ మాట అనగలిగిందే. నిజం చెప్పొద్దూ, ఆ అనగలగడం చూసి ఇప్పటికీ నాకు అసూయగానే ఉంది.