గోడ కట్టుకున్న బొమ్మల అవ్వ

పోయిన సోమవారం పొద్దున బసవనగుడిలో బొమ్మల అవ్వ కన్నుమూశారు. తొంభై దాటాయి. ముందురోజు సాయంత్రం కూడా కుంచె పట్టుకున్నారని ఆమె కొడుకు ఫోన్‌లో చెప్పారు.

అవ్వ చిత్రకారిణి. ఇల్లు, బొమ్మలు వేసే గది ఒకే కప్పు కింద ఉండేలా వయసులో ఉన్నప్పుడే తానే గీసి కట్టించుకున్నారు. ఆడమనిషి గీసిన ప్లాన్ అని మేస్త్రి నవ్వాడట. అవ్వ మట్టితో చిన్న ఇల్లు చేసి, ఖాళీ సైటులో పెట్టి, పొద్దుగూకేదాకా అతన్ని పక్కన కూర్చోబెట్టారు. "ఎండ యాడ పడతా ఉండాదో నువ్వే చూడప్పా" అన్నారట. బొమ్మ మీద ఎండ పడకుండా ఉత్తరం గోడకు ఎత్తులో కిటికీలు అలా వచ్చాయి. వంటగదికీ ఆ గదికీ మధ్య ఇంకో కిటికీ. పొయ్యి మీద పాలు చూసుకుంటూనే బొమ్మ వేసుకోవచ్చు.

కొన్నేళ్ల కిందట నేను ఆ ఇంట్లో మొదట అడుగుపెట్టింది దాన్ని కూల్చడానికి కారణం రాసివ్వడానికి. నేను సివిల్ ఇంజనీర్ని. "ఈ ఇల్లు తీసేసి అమ్మను బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఫ్లాట్‌కి షిఫ్ట్ చెయ్యాలి సార్. ఇల్లు వీక్ అని రిపోర్ట్ ఇస్తే ఒప్పుకుంటుంది" అన్నారు కొడుకు.

గోడ గట్టిదనం చూడటానికి సుత్తి తీసి నేను సందేహిస్తుంటే అవ్వే అన్నారు: "కొట్టి చూడప్పా, మొగమాటం ఎందుకు?"

రాతిగోడ ఖంగుమంది. హాల్లో ఒక గోడ నిండా ఇనుప కొక్కేలు. ఎందుకని అడిగాను.

"ఆ కాలంలో ఆడోళ్ల బొమ్మలు తగిలించేదానికి ఊర్లో గోడ దొరకలేదు. అందుకే నేనే కట్టుకుంటి."

దొడ్డబళ్ళాపురం నేతగాళ్ల ఇళ్ల నుంచి, ఆనేకల్ నుంచి వచ్చిన అమ్మాయిలు ఆ గదిలో నేర్చుకుని, తమ మొదటి బొమ్మను ఆ గోడకే తగిలించారు. ఈ ఊరి చిత్రకళ చరిత్ర రాసేవాళ్లెవరైనా ఆ గోడ ముందు నిలబడక తప్పదు.

ఇల్లు గట్టిది, వంటగది కప్పు మాత్రం బాగుచేయించాలి అని రాసిచ్చాను. కొడుకు వారం రోజులు నా ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఒక ఆదివారం నన్ను పిలిచి, రిపోర్టు అమ్మ ముందే చదవమన్నారు. అవ్వ విని, కొడుకు వైపు చూసి నవ్వారు.

"ఇన్నేండ్లు నేను చెప్తే వినకపోతివి. కాయితం చెప్తే వింటివే!"

కొడుకూ నవ్వేశారు. కప్పు బాగుచేయించారు. పోయినేడు ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ ఇంటిని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్పించారు. ఇక దాన్ని ఎవరూ కూల్చలేరు.

అవ్వను సాగనంపిన రోజు వచ్చినవాళ్ల చెప్పులు గుమ్మం దగ్గర మొదలై, గేటు దాటి, వీధిలోకి పరుచుకున్నాయి. చాలా వాటి మీద రంగు చుక్కలు. ఒక ఆటో వచ్చి, హారన్ కొట్టకుండా, ఒక్క చెప్పునూ తొక్కకుండా, మెల్లగా వాటి పక్కనుంచి వెళ్లింది.