ఏ జట్టూ వద్దన్న యాదగిరి

రెండు వేల ఇరవై మూడు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా కోసం కబడ్డీ పోటీ సెట్ వేశారు. నేను కాస్ట్యూమర్‌ని, నటులకు బట్టలు సిద్ధం చేసి తొడగడం నా పని. ప్రేక్షకులుగా కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టుల్లో సగం మందికి ఎర్ర టీషర్టులు, సగం మందికి నీలం టీషర్టులు ఇచ్చాను. ఒకసారి వేసుకున్నాక సీను అయ్యేదాకా మార్చకూడదు. దాన్ని కంటిన్యుటీ అంటారు.

యాదగిరి నాకు పాత దోస్తు. సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలే తప్ప, బయట ఏ గుంపులోనూ చేరని మనిషి. కులసంఘం వద్దు, హీరో అభిమాన సంఘం వద్దు. టీవీలో క్రికెట్ పెడితే లేచిపోతాడు.

"ఎవలో గెలిస్తే నాకేందిరా? నా బతుకు నాది," అంటూనే ఎర్రది తొడుక్కున్నాడు.

ఆ రోజు డైరెక్టర్ అతన్ని క్లోజప్‌కు, అంటే తెర నిండా మొహం కనపడే షాట్‌కు, ఎంచుకున్నాడు. అన్నేళ్లలో అదే మొదటిది. కథలో ఎర్ర జట్టు ఓడాలి, అతను కుమిలిపోవాలి. ఎన్నిసార్లు తీసినా మొహం బండరాయే.

"ఇంకొక్క టేక్ చూస్తానండీ. రాకపోతే వేరేవాళ్లని పెడతాను. ఏంటి మీవాడు, ఇండివిడ్యువలిస్టా?" అన్నాడు డైరెక్టర్ నాతో.

"మా దిక్కు మొండోడు అంటం సార్," అన్నాను.

ఎర్ర జట్టులో కూతకు వెళ్లే పిల్ల రహమత్ నగర్‌లో నిజంగా కబడ్డీ ఆడేదే. గీత దాకా వచ్చి దొరికిపోవాలని చెప్పారు. ఆ టేకులో అందరూ మీద పడ్డా, అలవాటు కొద్దీ ఈడ్చుకుంటూ వచ్చి గీత తాకేసింది. యాదగిరి ఎగిరి లేచి, "శెభాష్ బిడ్డా," అని అరిచాడు. షాట్ పాడైంది. డైరెక్టర్ నవ్వేశాడు. "ఈసారి ఓడిపో తల్లీ," అన్నాడు.

ఆ పిల్ల గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఆగిపోతుందని యాదగిరికి ముందే తెలుసు. అయినా మొహం ముడుచుకుపోయింది, కళ్లు నిండాయి. షాట్ ఓకే అయింది.

సాయంత్రం యాదగిరి టీషర్టు తిరిగిస్తుంటే అడిగాను.

"ఏందిరా, నువ్వు గూడ గుంపుల కలిసినవా?"

"అంగీ నువ్వు తొడిగినవ్. అరుపు నాది."

"మరి రేపు నీలంది ఇస్తే?"

"ఇయ్యి. ఆ పిల్లకే అరుస్త."

జట్టు కట్టినంత మాత్రాన మనిషి సొంత బుద్ధి పోదు. ఎవరో తోస్తే కడతాడా, తనకు తోచి కడతాడా అన్నదే లెక్క. ఇన్నేళ్లు రంగులు పంచిన నాకు ఇది వాడు నేర్పాడు.

ఇప్పుడు రహమత్ నగర్‌లో ఆ పిల్ల ఆట ఉంటే యాదగిరి వెళ్తాడు. ఎవరి పక్కనా కూర్చోడు. గోడెక్కి ఒక్కడే కూర్చుంటాడు. అందరికంటే గట్టిగా అరిచేది వాడే.