వీపనగండ్ల అని పిలిచిన రోజు

ఎస్తేరమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, నడక పెరుగుతుంది. వరండాలో ఆమె చెప్పులు టకటకలాడాయంటే చాలు, బాలింతల వెంట వచ్చిన చుట్టాలు మంచాల మీద నుంచి లేచి గోడవారకు జరిగేవాళ్లు. పాలమూరు జిల్లాలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్సులన్నీ ఆగి పోయే చోట ఉన్న ఒక సర్కారు దవాఖానలో ఆమె ఆయమ్మ. ఏ దవాఖాన అని మాత్రం అడగకండి. అక్కడ జరిగింది మరెక్కడైనా జరిగేదే, కాబట్టి పేరుతో పనిలేదు.

ఆమె పుట్టింది పెద్దమందడి పక్క పల్లెలో. అమ్మానాయనలు ఒకరి చేలో కూలి చేసుకుని బతికినవాళ్లు. చర్చి బడిలో బైబిలు కూడబలుక్కుని చదివేంత చదువు అబ్బింది. పెళ్లయ్యాక భర్త బాలరాజుతో మట్టిపనికి బొంబాయి దాకా పోయింది. అక్కడ ఒక కాలువ గట్టు విరిగి మీద పడి బాలరాజు నడుము పోయింది. మనిషి బతికాడు గానీ మళ్లీ పార పట్టలేదు. వాళ్లనూ వీళ్లనూ బతిమాలుకుంటే ఈ ఆయా పని దొరికింది. కాంట్రాక్టు నౌకరి, పొమ్మంటే ఆ పూటే పోవాలి. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఎస్తేరమ్మ పొద్దున్నే దవాఖాన మెట్లెక్కాల్సిందే. వేరే దారి లేదు.

ఆ దవాఖానకు ఒక అలవాటుంది. అక్కడ మనిషిని పేరుతో పిలవరు, ఊరితో పిలుస్తారు. "పెబ్బేరు, సూదికి రా." "పెద్దమందడి, నీ బిడ్డ ఏడుస్తుంది సూడు." ఇదేం పద్ధతి అని మనకనిపిస్తుంది గానీ దానికీ ఒక కారణముంది. గద్వాల జములమ్మ తల్లికి మొక్కుకుని పేరు పెట్టుకున్న ఇళ్లు ఆ చుట్టుపక్కల ఎన్నో. జములమ్మా అని కేకేస్తే వార్డులో నలుగురు లేస్తారు. వీపనగండ్ల అంటే ఒక్కరే లేస్తారు. ఇంక భర్త పేరు అడిగారా, ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతారే తప్ప పేరు మాత్రం బయటికి రానివ్వరు. కాబట్టి ఊరే నయం అనుకున్నారు అందరూ. డాక్టర్లూ అంతే, సిస్టర్లూ అంతే. ఎస్తేరమ్మ అయితే వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఊరడిగి, సాయంత్రం దాకా ఆ ఊరితోనే లాగించేది.

రెండు వేల ఆరో సంవత్సరం వానాకాలంలో హైదరాబాదు యూనివర్సిటీ నుంచి మాలతి అనే ఆమె ఆ దవాఖానకు వచ్చింది. సన్నగా ఉంటుంది, కళ్లజోడు, నూలు చీర. వరండాలో ఒక స్టూలు వేసుకుని పొద్దంతా కూర్చుని చూస్తుంది. మందియ్యదు, సూదియ్యదు, ఎవరినీ ఒక్క మాటనదు. ఇంతకంటే భయపెట్టే మనిషి ఉంటుందా? తనిఖీకి వచ్చిందని కొందరు, పై ఆఫీసు మనిషని కొందరు. సిస్టర్ రేణుకమ్మ అయితే ఆమె కనపడగానే ఉన్న గ్లవుజుల మీదే ఇంకో జత తొడుక్కునేది.

ఎస్తేరమ్మకు కుతూహలం ఆగలేదు. ఒకరోజు చాయ్ గ్లాసు చేతికిచ్చి అడిగేసింది.

"మేడం, మీరు ఏ రోగం మీద చదువుతున్నరు?"

"రోగం మీద కాదు ఎస్తేరమ్మా, దవాఖాన మీద. బాగవుదామని వచ్చిన మనిషికి ఇక్కడ మన చేతుల్లోనే దెబ్బ తగలకుండా ఎట్లా చూడాలన్నది నా చదువు."

"గదానికి గూడ చదువుంటదా?"

"ఉంటుంది. జరిగిన తప్పుల కంటే జరగబోయి ఆగిపోయినవి ఎక్కువ నేర్పిస్తాయి. అట్లాంటిది ఏదైనా ఉంటే నాకు చెప్పండి."

జరగనిదాన్ని చెప్పమంటుందేంది ఈ పిచ్చితల్లి అని ఎస్తేరమ్మ లోలోపల నవ్వుకుంది. గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాతి వారమే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల క్యాంపు పడింది. ఇక పిల్లలు చాలనుకున్న ఆడవాళ్లు ఊళ్ల నుంచి జీపుల్లో దిగారు. వరండా నిండిపోయింది, చెట్టు కింద నిండిపోయింది. చంటిపిల్లల ఏడుపులు, అత్తల అరుపులు, లోపల డాక్టర్ల తొందర. ఒకామె బయటికి రాగానే ఇంకొకామె లోపలికి పోవాలి. ఎస్తేరమ్మకు కాలు నిలవలేదు. తలుపు దగ్గరికొచ్చి కేకేసింది.

"వీపనగండ్ల ఎవరు? జల్ది రా."

గోడవారన కూర్చున్న ఒక పిల్ల దిగ్గున లేచింది. ఇరవై ఏళ్లుంటాయేమో. పచ్చ చీర, చేతినిండా మట్టిగాజులు. తలొంచుకుని వెనకే వచ్చింది. ఎటు అంటే అటు నడిచింది, పడుకో అంటే పడుకుంది. దవాఖానలో చెప్పినట్టు వినాలని అత్త చెప్పి పంపిన పిల్ల.

ఎస్తేరమ్మ చీర పక్కకు జరిపి పొట్ట మీద మందునీళ్లు తుడవబోయింది. చెయ్యి ఆగింది. పిల్లల్ని మోసిన పొట్ట మీద చారలుంటాయి. ఎందరి పొట్టలు తుడిచిందో ఆమెకే లెక్కలేదు. ఈ పొట్ట మాత్రం అప్పుడే ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

"నీకెంతమంది పిల్లలే బిడ్డా?"

"ఇంకా కాలే అమ్మా." ఆ పిల్ల గొంతు వినీవినపడకుండా ఉంది. "దానికోసమే వచ్చిన. డాక్టరమ్మ లోపల పరీక్ష చేస్తమన్నది."

పక్క బల్ల దగ్గర పెద్ద డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. రేణుకమ్మ మత్తుమందు సూదిలోకి తీస్తోంది. ఎస్తేరమ్మ ప్రభువా అని గొణిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపింది. "నీది గిది కాదు బిడ్డా, పక్క గది" అంటూ బయటికి నడిపించింది. చెట్టు కింద చంటిదానికి పాలిస్తున్న లలితమ్మ అనే ఆమెను వెతికి పట్టుకొచ్చింది. వీపనగండ్లే, ముగ్గురు పిల్లల తల్లి, ఆపరేషన్‌కు వచ్చింది ఆమె. అదే ఊరి నుంచి అదే రోజు ఇద్దరొస్తారని ఎవరనుకున్నారు?

పని ముగిశాక రేణుకమ్మ చెవిలో సంగతి వేసింది. రేణుకమ్మ అటూ ఇటూ చూసింది. తర్వాత మెల్లగా అన్నది, "ఏం కాలే గద. నోరు మూసుకో. నీ నౌకరి పోతది, నాది గూడ పోతది."

నిజమే, ఏం కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఎస్తేరమ్మకు ముద్ద దిగలేదు. చెయ్యి కడిగినప్పుడల్లా ఆ నున్నటి పొట్ట చేతికి తగిలినట్టుండేది. పిల్లలు కావాలని వచ్చిన పిల్లను, పిల్లలే లేకుండా చేసి పంపేదాన్ని గదా అని లోపల్లోపలే కుమిలిపోయింది. "ఏంది గట్లున్నవ్?" అని బాలరాజు మంచం మీద నుంచి అడిగితే, "నీకు తెల్వదు, ఊకో" అన్నది. ఇంటిపొయ్యి ఒకవైపు, ఆ పిల్ల ఒకవైపు లాగుతుంటే మనిషి సగమైంది.

మాలతి పని ముగిసే రోజు వచ్చింది. సంచి సర్దుకుంటోంది. ఎస్తేరమ్మ పోయి ఎదురుగా నిలబడింది. నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. చెప్పి, తిట్ల కోసం తల వంచుకుంది.

తిట్లు రాలేదు. మాలతి సంచి కింద పెట్టి స్టూలు మీద మళ్లీ కూర్చుంది.

"ఇక్కడ అందరినీ ఊరి పేరుతోనే పిలుస్తారా?"

"అందర్ని మేడం."

"ఆ రోజు మీరు కాకుండా వేరే ఆయమ్మ పిలిచి ఉంటే ఏమయ్యేది?"

ఎస్తేరమ్మ ఆలోచించింది. "గామె గూడ వీపనగండ్ల అనే పిలిచేది."

"మరి తప్పు మీ ఒక్కరిలో ఉందా?"

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎస్తేరమ్మ విన్న ప్రశ్న ఒక్కటే. కుండ పగిలితే ఎవరు పగలగొట్టారు, గట్టు విరిగితే ఎవరు సరిగా కట్టలేదు. బాలరాజు నడుము విరిగిన రోజు కూడా మేస్త్రీ, నీ మొగుడే అక్కడ నిలబడ్డాడు అన్నాడు. కుండను కాళ్లకు తగిలే చోట ఎందుకు పెట్టారని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు ఎక్కడి నుంచో వచ్చిన ఒక మనిషి అదే అడుగుతోంది. దానికోసం చదువులున్నాయట, యూనివర్సిటీలున్నాయట. లోకంలో ఇట్లాంటి చదువు కూడా ఉందా అని ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. చర్చిలో అందరూ ఒక్కసారిగా పాట అందుకున్నప్పుడు తప్ప ఆమెకు ఎన్నడూ అట్లా కాలేదు.

మాలతి ఆ రోజు బస్సెక్కలేదు. మర్నాడు దవాఖాన వాళ్లందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. ఎవరి పేరూ చెప్పలేదు. పెద్ద డాక్టరు శ్రవణ్ కుమార్ కుర్చీలో నుంచి సగం లేచాడు.

"ఎవరా మనిషి? ఈ పూటే తీసేస్తాను."

"పేరు చెప్పను సార్. చెప్తే రేపటి నుంచి మీకు ఎవ్వరూ ఏదీ చెప్పరు."

"చెప్పకపోతే ఇంకో ప్రాణం మీదికి వస్తుంది మేడం. అప్పుడు మీరు జవాబు చెప్తారా?"

వెనక చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఎస్తేరమ్మ అంతా వింటోంది. తనకోసం మాలతి మాట పడటం చూడలేకపోయింది. గ్లాసుల పళ్లెం కింద పెట్టింది. "నేనే సార్" అన్నది.

రేణుకమ్మ నేలచూపులు చూస్తోంది. శ్రవణ్ కుమార్ ఏదో అనబోయాడు. అంతకంటే ముందే మాలతి నెమ్మదిగా అడిగింది, "సార్, పొద్దున మీరు చాలాసేపు పరీక్ష చేశారు కదా, కిటికీ పక్క మంచం ఆమె. ఆమె పేరేంటి?"

"ఆమెనా? ఆమె మన పెబ్..." అని ఆగిపోయాడు డాక్టరు.

ఎవరూ నవ్వలేదు. ఆయన కుర్చీలో మెల్లగా వెనక్కి వాలాడు. మంచి డాక్టరే పాపం, హస్తవాసి ఉన్నవాడు, కోపం తొందర తప్ప వేరే లోపం లేదు. చివరికి ఎస్తేరమ్మ వైపు తిరిగి, "నువ్వు చూడకపోతే నేను కోసేసేవాడిని" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె నౌకరి నిలబడింది.

అప్పటి నుంచి ఆ దవాఖానలో కొత్త పద్ధతి వచ్చింది. లోపలికి వచ్చిన ప్రతి మనిషి మణికట్టుకు తెల్లటి గుడ్డపట్టీ, దాని మీద పేరు, ఇంటిపేరు, ఊరు, వచ్చిన పని. సూదికైనా ఆపరేషన్‌కైనా ముందు, పేరు మనం చెప్పకూడదు, వాళ్లచేతే చెప్పించాలి. మొదట్లో అదో తమాషా. "నా పేరెందుకమ్మా, మా ఊరు రాసుకో" అని ఆడవాళ్లు సిగ్గుపడేవాళ్లు. ఎస్తేరమ్మ వదిలేది కాదు. "నీ పేరు నీ నోటితోనే రావాలె, లేకుంటే సూది లేదు" అని మొండికేసేది.

బస్సెక్కేటప్పుడు మాలతి ఒక మాటన్నది. "ఒక పని మిగిలిపోయింది. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియాలి." దవాఖాన వాళ్లు వీపనగండ్లకు మనిషిని పంపారు. అప్పటికే ఆ పిల్ల మొగుడితో కలిసి పనులకు దేశం మీద పోయింది. ఎస్తేరమ్మ గుండెలో ఆ మాట ముల్లులా ఉండిపోయింది.

రెండేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం జీపులో నుంచి నొప్పులతో ఒక పిల్ల దిగింది. నిండు పొట్ట, చేతినిండా మట్టిగాజులు. ఎస్తేరమ్మ చూడగానే పోల్చుకుంది. పట్టీ చేతిలోకి తీసుకుంది.

"నీ పేరేంది బిడ్డా?"

"జములమ్మ."

"జర గట్టిగ జెప్పు."

"జములమ్మ అంటున్న గద" అని నొప్పిలోనే విసుక్కుంది ఆ పిల్ల.

పొద్దుగుంకక ముందే ఆడపిల్ల పుట్టింది. కడిగి, తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, బుల్లి మణికట్టుకు 'జములమ్మ బిడ్డ' అని, కింద ఇంటిపేరూ ఊరూ రాసిన పట్టీ కట్టింది ఎస్తేరమ్మ. కట్టి తల్లి పక్కన పడుకోబెట్టింది. అంతే, ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

"ఏందమ్మా, ఆడపిల్లనా అని ఏడుస్తున్నవా? మాకేం బాధ లేదు" అన్నది జములమ్మ అత్త.

ఎస్తేరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు సంగతంతా చెప్పింది. ఏ మాటా దాచలేదు. అత్త నోట కొంగు కుక్కుకుంది. జములమ్మ అన్నది, "ఆ పొద్దు నన్ను చెయ్యి పట్టుకొని బయటికి తెచ్చింది నువ్వే గద."

"లోపలికి తీస్కపోయింది గూడ నేనే బిడ్డా."

జములమ్మ పసిదాన్ని గబుక్కున గుండెకు హత్తుకుంది. కళ్లలో భయం, ఇప్పుడే ఎవరో లాక్కుపోతారేమో అన్నంత భయం. ఎస్తేరమ్మ తల వంచుకుంది. ఆమె దానికి సిద్ధపడే చెప్పింది. పిల్ల చిన్నగా కుయ్‌మన్నది. జములమ్మ దాని మొహం చూసింది, ఎస్తేరమ్మ మొహం చూసింది, మళ్లీ బిడ్డను చూసింది. చేతులు మెల్లగా వదులయ్యాయి.

"ఎత్తుకో అమ్మా" అన్నది.

ఎస్తేరమ్మ రెండు చేతులూ చాచింది. అందుకోబోయి ఆగి, ఆ బుల్లి మణికట్టుకున్న పట్టీ మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. చదివాకే ఎత్తుకుంది.